ఎలక్ట్రానిక్ డ్రమ్ములను చేతికి దిద్దుకొనుట

మిరపకాయ కల్లములకు చేరి, పత్తి చివరి తీతకు వచ్చు వేళ పర్చూరు ప్రాంతమున పాటల కాలము మొదలగును. మహాశివరాత్రినాడు కోటప్పకొండ ప్రభల ముందర లేచిన మోత శ్రీరామనవమి పందిళ్ల మీదుగా సాగి, వేసవి పెండ్లిండ్లతో గాని చల్లారదు. ఒకప్పుడు ఈ కాలమున మన చెవిని పడినవి డప్పు, డోలు, డోలక్కు, తబలా. అవి నేడును పోలేదు. కాని వాటి ప్రక్కన, పెక్కు వేదికలపై వాటికి బదులుగా, ఇనుప చట్రమునకు బిగించిన నల్లని రబ్బరు పలకలు నేడు కనబడుచున్నవి. వీటిని మనవారు ‘ప్యాడ్లు’ అందురు. పాటకచేరీలలోను, చర్చిలలో ఆదివారపు ఆరాధనలోను, తిరునాళ్ల వేదికలపైనను తాళము నడిపించుచున్నవి ఇవియే.

ఈ వాద్యము మంచిదా, చెడ్డదా అను చర్చకు మేము దిగబోము. వచ్చినది, ఉన్నది, మన పిల్లలు దానిని నేర్చుకొనుచున్నారు. దానిని వాయించువాని చేతికి తగునట్లు దిద్దుకొనుట ఎట్లు అనునదే నేటి ప్రసంగ విషయము. వేలకు వేలు పోసి ఈ వాద్యమును కొన్నవారిలో పలువురు ఈ దిద్దుబాటు జోలికి పోరు. అంగడి నుండి వచ్చినది వచ్చినట్లే వాయింతురు. లేదా ముందటి యజమాని ఏ స్థితిలో విడిచెనో ఆ స్థితిలోనే వాయింతురు. అందువలన కలుగు నష్టమును మేము కన్నులారా చూచితిమి గనుక ఆ సంగతితోనే ఆరంభింతుము.

గత వేసవిలో పర్చూరునకు చేరువనున్న ఒక గ్రామమునకు పెండ్లికి వెళ్లితిమి. పెండ్లికి ముందునాటి రాత్రి పాటకచేరి ఏర్పాటైనది. డ్రమ్ములు వాయించినవాడు ఇరువది రెండేండ్ల యువకుడు. అతని తండ్రి ముప్పదియేండ్లపాటు పౌరాణిక నాటకములకు డోలక్కు వాయించినవాడు. ఆ రాత్రి ఆయన మా ప్రక్క కుర్చీలోనే కూర్చుండెను. వేగమైన పాటలు నడచినంతసేపు ఎవరికిని లోపము తోచలేదు. పిమ్మట గాయని ఒక నెమ్మదియైన పాట ఎత్తుకొనెను. ఆమె గొంతు తగ్గించెను, యువకుడు చేయి తగ్గించెను, డ్రమ్ములు మూగవోయెను. తాళము తెగెను. అతడు కంగారుపడి దెబ్బను కొంచెము పెంచెను. వెంటనే తుపాకి ప్రేలినంత మోత వచ్చెను. గాయని వెనుదిరిగి చూచెను. అది చాలదన్నట్లు, ఎవరును తాకని పలక యొకటి నడుమ నడుమ దానంతటదే మ్రోగుచుండెను. ముందు వరుసలో కూర్చున్నవారు నవ్విరి.

కచేరి ముగిసిన తరువాత పాటల బృందపు పెద్ద యువకునితో, “వచ్చే పెళ్లికి రికార్డు తాళం పెట్టుకుందాం. నువ్వు రానక్కరలేదు” అనెను. ఆ మాట మేము వింటిమి. తండ్రియు వినెను. ఆయన కొడుకును దగ్గరకు పిలిచి, “ఒరే, ఆ అమ్మాయి గొంతు తగ్గించినప్పుడు నీ చెయ్యి తగ్గిందా లేదా?” అని అడిగెను.

“తగ్గించాను నాన్నా. తగ్గిస్తే మోగటం లేదు. మోగిస్తే అరుస్తోంది. గట్టిగా కొట్టీ కొట్టీ మణికట్టు నొప్పి కూడా పట్టుకుంది.”

తండ్రి మావైపు తిరిగి, “అయ్యా, దీనికి కేక ఒక్కటే తెలుసు, మాట తెలవదు” అనెను.

ఆ మాట మాకు గట్టిగా నాటుకొన్నది. మరునాటి ఉదయము, కాఫీలు ముగిసిన తరువాత, పందిరి క్రింద ఆ డ్రమ్ములను ముందు పెట్టుకొని మేము ముగ్గురము కూర్చుంటిమి. రేడియో పనిలోను, శబ్దపు యంత్రములతోను కొంతకాలము గడిపినవారము గనుక మాకు ఆ పెట్టె కొత్త కాదు. కాని ఆనాటి పనికి దారి చూపినవాడు ఆ వృద్ధుడే.

ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది: “డోలక్కుకైతే కడియాలు లాగుతాం. డప్పునైతే మంట మీద కాస్తాం. మరి దీనికి ఏం లాగాలి?”

ఈ ప్రశ్నలోనే విషయమంతయు ఉన్నది. మన చర్మవాద్యములలో దిద్దుబాటు అవసరము లేనిది ఒక్కటియు లేదు. వానపడి గాలి తేమయెక్కిన దినమున డప్పు తోలు సాగిపోవును. పత్తికట్టె మంట వేసి కాచినగాని అది పలుకదు. మృదంగపు ఎడమ ముఖమునకు కచేరికి ముందు రవ్వముద్ద అంటింతురు. అది ఆరినకొలది నీరు తడుపుచుందురు. కుడి ముఖమున నల్లని కరణి పొరపొరగా మెత్తి, రాయితో రుద్ది నిలిపెదరు. ఆ నల్లని మచ్చ వట్టి అలంకారము కాదు. సామాన్యమైన గుండ్రని తోలును కొట్టినచో దాని ఉపస్వరములు ఒకదానితో ఒకటి పొసగక గందరగోళముగా ఉండును. కరణి బరువు వలన అవి తీగవాద్యపు ఉపస్వరములవలె క్రమమైన నిష్పత్తిలోనికి వచ్చునని సి. వి. రామన్ శివకాళి కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో తెలిపిరి. మన మృదంగకారులు శాస్త్రపు మాట రాకముందే ఆ సంగతిని చేతితో కనిపెట్టి, తరతరములుగా చేసి చూపినవారు.

ఎలక్ట్రానిక్ డ్రమ్మునకును ఇట్టి దిద్దుబాటే కావలెను. భేదమేమనగా, అక్కడ దిద్దబడునది తోలు. ఇక్కడ దిద్దబడునది యంత్రపు వినికిడి. దానిని అర్థము చేసికొనుటకు లోపల ఏమి జరుగుచున్నదో కొంచెము తెలిసికొనవలెను.

రబ్బరు పలక అడుగున రూపాయి బిళ్లవంటి పలుచని లోహపు బిళ్ల యొకటి ఉండును. దానిపై ఒక విధమైన పింగాణి పొర ఉండును. దానిని పీజో బిళ్ల అందురు. కొన్ని స్ఫటికములను నొక్కినచో వాటి ముఖములపై విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశపు సోదరులు జాక్ క్యూరీ, పియేర్ క్యూరీలు 1880లో కనుగొనిరి. ఆ గుణమే ఇక్కడ పనిచేయుచున్నది. పలకపై దెబ్బ పడినప్పుడు బిళ్ల అదరును. అదురుటతో చిన్న విద్యుత్తరంగము పుట్టును. అది తీగ వెంబడి మాడ్యూల్ అను పెట్టెకు చేరును. పెట్టె ఆ తరంగపు ఎత్తును కొలిచి, దానిని ఒక అంకెగా మార్చి, ఆ అంకెకు తగిన బలముతో ముందే దాచియుంచిన ధ్వనిని పలికించును. సంగీతయంత్రములు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు 1983లో ఏర్పడిన మిడి అను ఒడంబడిక ప్రకారము ఈ అంకె 1 నుండి 127 వరకు ఉండును. అనగా, ఆ పెట్టె మన చేతిని చూడదు; పాటను వినదు. దానికి తెలిసినది ఒక అదురు మాత్రమే. ఆ అదురును దెబ్బగా ఎంచవలెనా, ఎంచినచో ఎంత దెబ్బగా ఎంచవలెను అను నిర్ణయములకే ట్రిగ్గర్ సెట్టింగులని పేరు.

ఈ వాద్యపు చరిత్రయు చేతికి, యంత్రమునకు మధ్య జరిగిన తగవే. 1981లో ఇంగ్లండున వెలువడిన సిమ్మన్స్ వారి ఆరుకోణముల డ్రమ్ములు పాశ్చాత్య దేశములలో గొప్ప పేరు తెచ్చుకొన్నవి. కాని వాటి పలకలు గట్టి పాలికార్బొనేటుతో చేసినవగుటచే వాయించినవారి మణికట్లు నొప్పి పుట్టినవి. జపానునందలి రోలాండ్ వారు 1985లో ఎనిమిది పలకల ఆక్టాప్యాడును తెచ్చిరి. మన సినిమా పాటల బృందములలో ఆ పేరే ఈ జాతి వాద్యములన్నిటికి ఇంటిపేరయినది. 1997లో అదే సంస్థ వలవంటి నేతతో చేసిన మెత్తని ముఖములుగల డ్రమ్ములను వెలువరించినది. పలకలు మెత్తబడినవి, పెట్టెలు తెలివిమీరినవి. అయినను ప్రతి చేతికి ప్రతి పలకను దిద్దవలసిన పని మాత్రము తప్పలేదు.

ఇక మా ఉదయపు పనికి వత్తము.

పెట్టె తెరను చూచుటకు ముందు మేము చట్రమును చూచితిమి. అంకెలు మార్చుటకు తొందరపడువారు మొదట ఇచ్చటనే పొరబడుదురు. పలకలను చట్రమునకు పట్టియుంచు బిగింపులలో రెండు వదులై ఉన్నవి. ఒక బిగింపులోని రబ్బరు ముక్క అరిగిపోయి ఇనుము ఇనుమునకు తగులుచున్నది. ఒక పలకను కొట్టినచో ఆ అదురు చట్రము వెంబడి ప్రాకి ప్రక్క పలకను చేరుచున్నది. పైగా ముందటి రాత్రి చట్రము నిలిచిన చెక్క వేదికకే పెద్ద స్పీకర్లును ఆనియుండెను. వాటి మందర ధ్వనికి వేదిక అంతయు అదురుచుండెను. తాకని పలక మ్రోగుటలోని రహస్యమిదియే. బిగింపులు బిగించి, అరిగిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, చట్రపు కాళ్ల క్రింద మడతలు పెట్టిన గోనెపట్టాలు పరచితిమి. తీగల జాక్‌లను తీసి తుడిచి మరల పెట్టితిమి. ఒక్క అంకె మార్చక మునుపే సగము రోగము కుదిరినది.

పిమ్మట పెట్టెను తెరచి చూడగా గత చరిత్ర తెలిసినది. అతడు దానిని మరొకరి వద్ద పాతది కొనియుండెను. ఆ ముందటి యజమానికిని వదులు బిగింపుల వలన పలకలు వాటంతట అవే మ్రోగియుండును. ఆయన బిగింపును చూడక థ్రెషోల్డ్ అను అంకెను మిక్కిలి పెంచెను. దానితో మెల్లని దెబ్బలు పోయినవి. వాద్యము పలుకుట లేదని సెన్సిటివిటీ అను అంకెను కూడ కొసవరకు పెంచెను. ఒక తప్పును కప్పుటకు రెండవ తప్పు, దానిని కప్పుటకు మూడవది. ఫలితముగా ఆ పలకకు మెల్లని మాట లేదు, నడిమి మాటయు లేదు, ఉన్నదొక్కటే కేక. ముందటి రాత్రి ఆ వృద్ధుడు చెప్పినది అక్షరాల నిజము.

ఇప్పుడు ఒక్కొక్క అంకెను గూర్చి చెప్పుదుము. పెట్టెల తయారీదారులు వేరువేరు గనుక పేర్లు, కొలతలు కొంత మారవచ్చును. పని మాత్రము ఒక్కటే.

మొదటిది సెన్సిటివిటీ. ఎంత దెబ్బకు 127 రావలెనో నిర్ణయించునది ఇది. దీనిని శబ్దపు హెచ్చుతగ్గుల మీటగా భావించుట పొరపాటు. దానికి వేరే మీట కలదు. యువకుని మేము కోరినదేమనగా, కచేరిలో మిక్కిలి ఉత్సాహముగా ఉన్నప్పుడు కొట్టు దెబ్బను, చేతికి నొప్పి లేనంత బలముతో, పదిమార్లు కొట్టుమని. ఆ దెబ్బకు తెరపైని గీత కొసను తాకీ తాకనట్లు ఉండవలెను. అతని పలకలో నడిమి దెబ్బకే గీత కొసకు అంటుకొనుచుండెను. అనగా నడిమి దెబ్బయు, గట్టి దెబ్బయు యంత్రమునకు ఒక్కటే. సెన్సిటివిటీని మెట్టు మెట్టుగా తగ్గించుచు, అతని నిజమైన గట్టి దెబ్బకు గీత కొసను చేరుదాక తెచ్చితిమి. దీనిని దిద్దునప్పుడు మాటుగా ఉండి చూచుట మేలు. పరీక్ష యనగానే ఎవరైనను మామూలు కంటె గట్టిగా కొట్టుదురు. తండ్రి ఆ కిటుకు చెప్పెను: “పాట పాడుతా కొట్టరా, లెక్కపెట్టి కొట్టబాక.” పాట కూనుచు కొట్టిన దెబ్బలే నిజమైనవి.

రెండవది థ్రెషోల్డ్. ఇది జల్లెడ వంటిది. ఇంతకంటె చిన్న అదురును దెబ్బగా ఎంచవద్దని పెట్టెకు చెప్పు ఆజ్ఞ. జల్లెడ కన్ను మరీ సన్ననిదైనచో మట్టియు గింజయు కలిసి నిలుచును. అనగా వేదిక అదురు, ప్రక్క పలక అదురు, గాలికి కదలిన తీగ అదురు అన్నియు దెబ్బలగును. కన్ను మరీ పెద్దదైనచో మట్టితో పాటు గింజయు రాలిపోవును. మేము మొదట దానిని పూర్తిగా తగ్గించితిమి. పలకలు తమంతట తాము పలుకసాగినవి. తరువాత ఒక్కొక్క మెట్టు పెంచుచు, ఆ దొంగ మోతలు ఆగిన చోట నిలిచితిమి. ముందటి యజమాని ఉంచిన అంకెలో మూడవవంతు కూడ లేదు. చట్రము గట్టిగా నిలిచినందున తక్కువ జల్లెడతోనే పని జరిగినది. ఈ వరుసను మరువరాదు: బిగింపు ముందు, అంకె తరువాత.

ఈ చిన్న అంకె వలననే మన సంగీతమునకు ఎక్కువ హాని కలుగుచున్నదని మా అభిప్రాయము. పాశ్చాత్యుల వేగపు పాటలో గట్టి దెబ్బలదే రాజ్యము కావచ్చును. మన తాళములో గట్టి దెబ్బలు స్తంభములు మాత్రమే. వాటి నడుమ వ్రేలికొనతో నింపు చిరు దెబ్బలే నడక. బుర్రకథలో కథకుడు మాటలోనికి దిగినప్పుడు వంతలు డక్కీపై వ్రేళ్లు ఆడించుట విన్నవారికి ఇది తెలియును. ఆ చిరు దెబ్బలు జల్లెడలో రాలిపోయినచో తాళము మిగులును, నడక పోవును. వినువారు కారణమెరుగక, ‘ఈ కుర్రవానికి చేయి లేదు’ అందురు. తప్పు అంకెది, నింద చేతిది.

మూడవది కర్వ్, అనగా వంపు. దెబ్బ పెరిగినకొలది శబ్దము ఏ తీరున పెరుగవలెనో ఇది తెలుపును. తిన్నని గీతయైనచో దెబ్బ ఎంతో శబ్దమంత. ఒక వంపులో చిన్న దెబ్బకే శబ్దము త్వరగా పెరుగును. మరొక వంపులో చాలాదూరము మెల్లగా ఉండి కొసలో పైకి లేచును. మెత్తని చేతివారికి మొదటి వంపు, గట్టి చేతివారికి రెండవది అనుకూలము. యువకుడు తొలుత తండ్రి వద్ద డోలక్కు నేర్చినవాడు, చేయి మెత్తన. అతనికి చిన్న దెబ్బలను ఎత్తి చూపు వంపును ఎంచితిమి. కాని సెన్సిటివిటీ, థ్రెషోల్డ్ కుదిరిన పిమ్మటనే వంపు జోలికి పోవలెను. పునాది కుదరక గోడకు సున్నము వేయరాదు.

నాలుగవది క్రాస్‌టాక్. ఒక పలకను కొట్టినప్పుడు ప్రక్కది పలుకకుండ ఆపు కట్టడి ఇది. రెండు పలకల నుండి ఒకే క్షణమున అదురు వచ్చినచో, చిన్నదానిని పెట్టె త్రోసివేయును. వినుటకు బాగున్నది, కాని ఇందొక చిక్కు కలదు. రెండు చేతులతో రెండు పలకలను నిజముగా ఒకేసారి, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా కొట్టినచో? కట్టడి ఎక్కువగా ఉన్నచో ఆ మెల్లని దెబ్బయు దొంగగా ఎంచబడి పోవును. అందుచేత మేము దీనిని దొంగ మోత ఆగినంతవరకే ఉంచి, పిమ్మట రెండు చేతులతో జంట దెబ్బలు కొట్టించి, రెండును పలుకుచున్నవని చూచుకొంటిమి.

ఐదవది మాస్క్ టైమ్. కొట్టిన తరువాత పలక కొంతసేపు అదురుచునే ఉండును. ఆ తోక అదురును పెట్టె మరియొక దెబ్బగా భ్రమపడినచో ఒక్క దెబ్బకు రెండు మోతలు వచ్చును. అట్లు జరుగకుండ, దెబ్బ పడిన తరువాత ఇన్ని మిల్లీసెకండ్లపాటు చెవి మూసికొనుమని చెప్పుట ఈ అంకె పని. ఇచ్చటను లెక్క అవసరము. నిమిషమునకు 120 అక్షరముల వేగమున, అక్షరమునకు 8 దెబ్బల చొప్పున వాయించినచో సెకనుకు 16 దెబ్బలు. అనగా దెబ్బకును దెబ్బకును నడుమ సుమారు 62 మిల్లీసెకండ్లు. ఇది చాలినంత ఎడమే. కాని ఒక చేతి వెంట మరియొక చేతిని తగిలీ తగలనట్లు వేయు జోడు దెబ్బలో ఆ రెండింటి ఎడము 20, 30 మిల్లీసెకండ్లే ఉండవచ్చును. మాస్క్ టైమ్ 40 అని ఉంచినచో ఆ జోడు ఒంటి దెబ్బయగును. అతని పెట్టెలో అది అట్లే ఉన్నది. దెబ్బ రెండుసార్లు మ్రోగని మేరకు తగ్గించి చూచితిమి. జోడు దెబ్బ మరల జోడుగా వినబడినప్పుడు తండ్రి, “ఆఁ, ఇది నేను నేర్పిందే” అనెను.

దీనికి చేరువైనది స్కాన్ టైమ్. అదురు మొదలైనది మొదలు దాని శిఖరమును కనుగొనుటకు పెట్టె ఎంతసేపు వేచియుండవలెనో అది చెప్పును. వేచియుండు కాలము మరీ తక్కువైనచో ఒకే బలముతో కొట్టిన దెబ్బలు ఎక్కువతక్కువలుగా పలుకును. ఎక్కువైనచో దెబ్బకు, ధ్వనికి నడుమ జాగు తెలియును. 10 మిల్లీసెకండ్ల జాగనగా, గాలిలో ధ్వని సుమారు 3.4 మీటర్ల దూరము నడచు కాలము. శ్రోతకు అది తెలియకపోవచ్చును గాని వాయించువాని చేతికి వాద్యము ఎడమైనట్లు తోచును. అతని పెట్టెలో ఇది సరిగానే ఉన్నందున మేము కదలింపలేదు. బాగున్నదానిని ముట్టుకొనకుండుటయు దిద్దుబాటులో భాగమే.

ఒక్కమారు ఒక్క అంకెను మాత్రమే మార్చవలెను. రెండు మార్చినచో మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన కలిగెనో తెలియదు. మార్చిన ప్రతిదానిని పాత అంకె, కొత్త అంకె అని రెండు వరుసలుగా కాగితముపై వ్రాసికొనవలెను. మరియొకరి అంకెలను మనము కాపీ చేసికొనుట వలన ప్రయోజనము లేదు. వారి పలక వేరు, చేయి వేరు. ఒకే రకపు రెండు పలకలలో కూడ అరుగుదలను బట్టి భేదముండును.

ఇంతచేసినను ఈ వాద్యమునకు చేతకానివి ఉన్నవి. వాటిని దాచుట న్యాయము కాదు. మృదంగము ఎడమ ముఖముపై అరచేతిని జార్చి పలికించు ధ్వనిని ఒక మామూలు రబ్బరు పలక పలికింపజాలదు. తోలు అంచున కొట్టిన దెబ్బకు, నడుమ కొట్టిన దెబ్బకు నాదములో కలుగు భేదమును పలు పలకలు గుర్తింపవు. అంచునకు వేరే బిళ్ల ఉన్నవి మాత్రము కొంతవరకు గుర్తించును. ఆకాశవాణి విజయవాడ కేంద్రమున దండమూడి రామమోహనరావుగారి మృదంగమును విన్నవారికి, ఒక్క తోలుపై ఎన్ని నాదములు ఉండునో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక ప్యాడ్లు నేర్చు పిల్లవానికి ఏదేనొక తోలువాద్యము కూడ నేర్పుట మంచిది. చేతికి మెల్లదనము తోలుపైననే వచ్చును; దానిని రబ్బరుపైకి తెచ్చుకొనవచ్చును. ఆ యువకుని చేతిలో ఆ మెల్లదనము ముందునుండియు ఉన్నది గనుకనే మా అంకెలు ఫలించినవి. లేనిదానిని ఏ పెట్టెయు పుట్టింపజాలదు.

ఇండ్లలో పిల్లలకు ఈ వాద్యమును కొనియిచ్చు తల్లిదండ్రులకు రెండు మాటలు. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకొని వాయించిన ఇరుగుపొరుగులకు ఇబ్బంది లేదందురు. ధ్వని వినబడదు గాని దెబ్బల అదురు నేల వెంబడి క్రింది వాటాకు పోవును. చట్రము క్రింద మందపాటి పరుపో, బొంతలో వేయుడు. పాతది కొనునప్పుడు ప్రతి పలకను వ్రేలికొనతో మెల్లగా మొదలుపెట్టి గట్టి దెబ్బవరకు పరీక్షింపుడు. గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి మ్రోగినదని తృప్తిపడకుడు. పిల్లవాడు మణికట్టు నొప్పియనినచో వాని పద్ధతిని తప్పుపట్టుటకు ముందు పెట్టెలోని అంకెలను చూడుడు. వినని యంత్రమును వినిపింపజేయుటకై చేయి గట్టిగా కొట్టుచు పోయినచో నొప్పి కలుగుట సహజము. నొప్పి నిలిచియున్నచో వైద్యునికి చూపవలెను.

ఆ రాత్రి పెండ్లి పందిటిలో పాటలు మరల సాగినవి. స్పీకర్లను వేదికపై నుండి దింపి నేలపై పెట్టించితిమి. ముహూర్తమునకు కొంచెము ముందు ఎవరో ముందునాటి నెమ్మదిపాటనే మరల పాడుమని అడిగిరి. గాయని ఒక్క క్షణము డ్రమ్ములవైపు చూచి ఎత్తుకొనెను. ఆమె గొంతు తగ్గించిన చోట యువకుడు కర్రలను క్రింద పెట్టి వ్రేళ్లతో వాయించెను. ప్రతి దెబ్బయు వినబడినది. ఏదియు పాటను మించలేదు. వినువారిలో ఎవరును డ్రమ్ములను గూర్చి మాట్లాడలేదు. అందరును పాటనే వినిరి. మా ప్రక్కనున్న వృద్ధుడు మాత్రము మోకాలిపై కొడుకు దెబ్బలను ఒకటొకటిగా వేసికొనుచుండెను.

బృందపు పెద్ద రికార్డు తాళపు మాటను ఆ రాత్రి మరల ఎత్తలేదు. మేము తిరుగు ప్రయాణమైనప్పుడు యువకుడు బస్సు దాకా వచ్చి, మేము వ్రాసిన అంకెల కాగితమును మడిచి చొక్కా జేబులో పెట్టుకొనుచు, “వానాకాలంలో ఇవే ఉంటాయాండీ?” అని అడిగెను. రబ్బరును బిగింపులును కాలమునుబట్టి సడలును. నెలకొకమారు చూచుకొనుమని చెప్పితిమి. తండ్రి నవ్వి, “నేను కడియాలు రోజూ లాగేవాణ్ణి. నీకు నెలకోసారేగా” అనెను.